చలికాలం ఘాట్ రోడ్డులో గేర్ల కారు నడపడం ఎలా?

డిసెంబర్ మొదలైతే చాలు, విశాఖ నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా కార్లు అరకు, పాడేరు, లంబసింగి దారి పడతాయి. లంబసింగి దగ్గరి చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత పేపర్లో వచ్చిన వారమైతే ఆ రద్దీ ఇక చెప్పనక్కర్లేదు. వచ్చేవాళ్లలో చాలామందికి డ్రైవింగ్ బాగానే వచ్చు. కానీ హైవే మీద నడిపిన అలవాటు వేరు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ ఉన్న ఇరుకు రోడ్డులో, పదడుగుల దూరం కూడా కనిపించని పొగమంచులో గేర్లు మార్చుకుంటూ పోవడం వేరు.

కొత్తవాళ్లంతా ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. ఎత్తు మీద బండి ఆగిపోతే ఎలా, వెనక్కి జారితే ఎలా అని. ఆ భయం సహజమే. అయితే ఎక్కేటప్పుడు తప్పు చేస్తే చాలావరకు బండి ఆగిపోతుంది, లేదంటే క్లచ్ పాడవుతుంది. దిగేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగదు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నిబంధన పెట్టింది. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకు ఇచ్చారో ఆలోచించండి. ఇక్కడ కూడా దిగడం గురించే ఎక్కువ చెబుతాను.

బయల్దేరే ముందు

ముందుగా బ్రేకులు. ప్యాడ్లు ఎంత మిగిలాయో మెకానిక్‌తో చూపించుకోండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మామూలుగా కార్లలో పోసే డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టిందంటే అదే 155 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. సిటీలో ఈ తేడా మీకు ఎప్పటికీ తెలియదు. ఘాట్ దిగుతూ బ్రేకు ఆపకుండా తొక్కినప్పుడు మాత్రం పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడంతో తెలుస్తుంది.

టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే గాలి ఒత్తిడి సుమారు ఒక పాయింటు (పీఎస్ఐ) తగ్గుతుంది. నర్సీపట్నంలో మధ్యాహ్నం ఎండలో, టైర్లు వేడిగా ఉన్నప్పుడు చూసి ఎక్కువ ఉందని తీయించేస్తే మర్నాడు తెల్లారేసరికి లంబసింగిలో తక్కువ గాలితో తిరుగుతారు. స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి. మనం దాదాపు ఎప్పుడూ మర్చిపోయేది అదే.

వైపర్ రబ్బర్లు, కూలెంట్, అన్ని లైట్లూ ఒకసారి చూసుకోండి. ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా శుభ్రంగా తుడవాలి. లోపల జిడ్డు పొర ఉంటే మంచు వేళ ఎదురు లైట్లు పడగానే అద్దమంతా తెల్లగా అయిపోతుంది. పెట్రోలైనా డీజిలైనా కొండ కిందే పోయించుకోండి. అరకు వైపైతే ఎస్.కోటలో, లంబసింగి వైపైతే నర్సీపట్నంలో.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలనుంది. పాడేరు దగ్గరి వంజంగిలో మేఘాలు చూడాలని, లంబసింగిలో తెల్లవారాలని అర్ధరాత్రి ఇంటి దగ్గర బయల్దేరి, నిద్ర లేకుండా నాలుగు గంటలకు ఘాట్ ఎక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. నిద్రమత్తు, చీకటి, మంచు, తెలియని రోడ్డు, ఈ నాలుగూ ఒకేసారి పెట్టుకోవద్దు. ముందురోజు సాయంత్రం వెలుగు ఉండగానే ఎక్కేసి పాడేరులోనో చింతపల్లిలోనో పడుకోండి. గది దొరక్కపోతే కిందే ఆగి, తెల్లారాక ఎక్కండి. ఆ రోజు మేఘాలు తప్పిపోయినా ఫర్వాలేదు.

ఎక్కేటప్పుడు

గేరు విషయంలో సూత్రం ఒక్కటే. బండి అడగక ముందే మీరే కింది గేరు వేయాలి. ఇంజిన్ దడదడలాడుతూ, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగకపోతే అప్పటికే ఆలస్యమైందని అర్థం. చిన్న పెట్రోలు కారైతే ఎత్తు మీద ఇంజిన్‌ను 2,500 నుంచి 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య తిరగనివ్వండి. శబ్దం ఎక్కువ వస్తుంది, భయపడకండి, దానికేమీ కాదు. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి ఈడ్పించడమే ఇంజిన్‌కు చెరుపు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న డీజిల్ కార్లు 1,800 లోపు పడితే ఒక్కసారిగా నీరసిస్తాయి కాబట్టి వాటికీ ఇదే జాగ్రత్త.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి 100 మీటర్లకూ సుమారు ఒక శాతం శక్తి కోల్పోతుంది. లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే పైకి వెళ్లేసరికి మీ కారు పికప్ పదో వంతు తగ్గినట్టే. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు ఉంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. బండి పాడైందేమో అని కంగారు పడక్కర్లేదు, ఒక గేరు తగ్గించుకుంటే చాలు.

హెయిర్‌పిన్ మలుపు, అంటే రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే మలుపు దగ్గర పని అంతా మలుపుకు ముందే అయిపోవాలి. వేగం తగ్గించండి, సెకండ్ గేర్ వేయండి, హారన్ కొట్టండి, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పండి. మలుపు మధ్యలో క్లచ్ తొక్కి గేరు వెతుక్కోవడం మొదలెడితే బండి ఊపు చచ్చిపోతుంది, పైగా ఒక చెయ్యి స్టీరింగ్ వదిలేయాల్సి వస్తుంది. మనది ఎడమపక్క ప్రయాణం కాబట్టి ఎడమకు తిరిగే హెయిర్‌పిన్‌లో మీరు లోపలి అంచున ఉంటారు. ఎత్తు అక్కడే ఎక్కువ. సెకండ్‌లో లాగదు అనిపిస్తే నడక వేగానికి తగ్గించి, మలుపుకు ముందే ఫస్ట్‌లోకి వచ్చేయండి. కుడికి తిరిగేటప్పుడు మీకు బయటి అంచు, తిరగడం సులువు. అడ్డంగా కోసుకుంటూ ఎదుటివాళ్ల వైపుకు పోవాలనే ఆశ పుట్టేది కూడా అక్కడే. పోవద్దు. ఎదురుగా ఆర్టీసీ బస్సు దిగుతూ ఉంటే దానికి ఆ రోడ్డంతా కావాలి.

ముందు బస్సో లారీయో ఉంటే మలుపు దగ్గర రెండు బండ్ల దూరం వదిలి ఆగండి. అది ఒక్కోసారి వెనక్కి జారి మళ్లీ కదులుతుంది. మీరు వెనకే అంటుకుని ఉంటే మీకు జరగడానికి చోటు ఉండదు.

ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపేయండి. ఇంకా పెరుగుతుంటే హీటర్ పూర్తిగా పెట్టి కిటికీలు దించండి, ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే వెడల్పు చోటు చూసి ఆగాలి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, మరిగిన నీళ్లు మొహాన చిమ్ముతాయి.

ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా కదలడం

ఇది ఇంటి దగ్గరే నేర్చుకుని రావాలి. ఏ ఫ్లైఓవర్ ర్యాంపో, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపో ఖాళీగా ఉన్నప్పుడు పది సార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది.

1. బండి ఆగగానే హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీంచి కాలు తీసేయండి.
2. కదలాల్సిన టైంలో క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వేయండి.
3. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఇంజిన్‌ను 1,500 నుంచి 2,000 దాకా తెచ్చి అక్కడే నిలపండి.
4. క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కి, బండి ముక్కు కొంచెం లేచినట్టు అనిపిస్తుంది. అదే పట్టు దొరికిన చోటు. కాలు అక్కడే ఆపండి.
5. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించండి. బండి వెనక్కి పోదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ పూర్తిగా వదిలేయండి.

ఆగిపోతే కంగారు పడకుండా బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మళ్లీ మొదటి నుంచి చేయండి. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వండి.

చేయకూడనిది ఒకటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్ మీదే, అంటే క్లచ్ సగం వదిలి, బండిని ఎత్తులో నిలబెట్టడం. చూసేవాళ్లకు గొప్ప డ్రైవింగ్‌లా కనిపిస్తుంది, లోపల మాత్రం క్లచ్ ప్లేటు అరిగిపోతూ కాలుతుంటుంది. మాడు వాసన వస్తే పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి. కొత్త కార్లలో కొన్నింటికి హిల్ హోల్డ్ ఉంటుంది, బ్రేకు వదిలాక రెండు సెకన్లపాటు బండిని పట్టుకుంటుంది. మీ కారులో ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. ఉన్నా సరే, హ్యాండ్‌బ్రేక్ పద్ధతి వచ్చి ఉండాలి.

దిగేటప్పుడు

దిగుడు మొదలవ్వక ముందే గేరు తగ్గించండి. ఏ గేరు? అదే రోడ్డు ఎక్కాలంటే ఏ గేరు కావాలో, దిగడానికీ అదే. అనంతగిరి నుంచి ఎస్.కోట వైపు దిగే ఘాట్‌లోనూ, లంబసింగి నుంచి నర్సీపట్నం దిగేటప్పుడూ చాలా చోట్ల అది సెకండ్. నిటారుగా ఉన్న హెయిర్‌పిన్‌లలో ఫస్ట్. సెకండ్‌లో వేసి రెండు కాళ్లూ తీసేసి చూడండి. బండి తనంతట తానే 20, 25 కిలోమీటర్ల వేగంలో నిలదొక్కుకుంటుంది. దీన్నే ఇంజిన్ బ్రేకింగ్ అంటారు. చక్రాలు ఇంజిన్‌ను తిప్పాల్సి రావడంతో ఆ బరువు చక్రాలను పట్టి ఉంచుతుంది. ఘాట్‌లో బండి వేగాన్ని అదుపులో పెట్టాల్సింది గేరు. బ్రేకు అవసరానికి మాత్రమే.

వేగం పెరుగుతోంది అనిపిస్తే బ్రేకు గట్టిగా రెండు మూడు సెకన్లు తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. కొండ పొడవునా పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. వదిలిన ఆ కాసేపట్లోనే బ్రేకు డిస్కులకు గాలి తగిలి చల్లారతాయి. మూడు సార్లు తొక్కినా వేగం ఆగకపోతే మీరు ఇంకా పెద్ద గేరులో ఉన్నారన్నమాట.

గేరు తగ్గించే క్రమం కూడా ముఖ్యమే. ముందు బ్రేకుతో వేగం తగ్గించాలి, తర్వాత క్లచ్ తొక్కి కింది గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. వేగం మీద ఉండగా సెకండ్ వేసి క్లచ్ టక్కున వదిలితే కుదుపు వస్తుంది. పొద్దున్నే మంచుకు తడిసిన రోడ్డు మీద, ఆకులు పడి నానిన చోట, ఆ కుదుపుకే టైర్లు జారతాయి.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి మానేయండి. మిగిలేదేమీ లేదు కూడా. ఈ రోజుల్లో ఇంజెక్షన్ ఇంజిన్లన్నీ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు సరఫరాను దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. ఇంజిన్‌ను తిప్పేది చక్రాలే కాబట్టి దానికి పెట్రోలు అక్కర్లేదు. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిన్ తనంతట తాను తిరగడానికి తాగాలి. ఇంజిన్ ఆపేసి దించడం ఇంకా ఘోరం. రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది, పవర్ స్టీరింగ్ పనిచేయదు.

క్లచ్ తొక్కి ఉంచి దిగడం కూడా న్యూట్రల్ కిందే లెక్క. ఇది చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. మలుపు చూడగానే ఎడమ కాలు అలవాటుగా క్లచ్ మీదికి పోతుంది, ఆ క్షణంలోనే బండి ఇంజిన్ పట్టు తప్పి వేగం అందుకుంటుంది. గేరు మార్చేటప్పుడు, బండి పూర్తిగా ఆగబోయేటప్పుడు తప్ప ఎడమ కాలు పక్కన నేల మీదే ఉండాలి.

కాలిన వాసన వచ్చినా, పెడల్ ఎప్పటికన్నా లోతుకు పోతున్నా, మెత్తగా అనిపించినా వెంటనే చోటు చూసి ఆగండి. అరగంట ఆగితే మళ్లీ పట్టు వస్తుంది. తొందరపడి చక్రాల మీద నీళ్లు పోయకండి, వేడి డిస్కులు వంకర పోతాయి. ఒకవేళ నడుస్తుండగానే బ్రేకు పడకపోతే ఇంజిన్ ఆపొద్దు. పెడల్‌ను గబగబా కొట్టండి, కొంచెమైనా ఒత్తిడి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది. హారన్ కొడుతూనే ఉండండి. ఇక దారి లేదనుకుంటే కొండవైపు మట్టిగట్టుకు రాసుకుంటూ ఆపాలి. డోర్లు పోతే పోయాయి.

ఇరుకు చోట ఎదురుగా బండి ఎక్కి వస్తుంటే దిగే మీరే ఆగి దారి ఇవ్వాలి. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఇదే ఉంది. ఎక్కేవాడికి ఒకసారి ఊపు పోతే మళ్లీ కదలడం ఎంత కష్టమో పొద్దున ఎక్కినప్పుడు మీకే తెలిసి ఉంటుంది.

పొగమంచులో

హెడ్‌లైట్లు లో బీమ్‌లోనే ఉండాలి. కనిపించడం లేదని హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది. ఫాగ్ ల్యాంపులు ఉంటే వేయండి. హజార్డ్ లైట్లు నాలుగూ వెలిగించి నడపడం మాత్రం మంచిది కాదు. వెనకవాడికి మీరు నడుస్తున్నారో ఆగి ఉన్నారో తెలియదు, చాలా కార్లలో అప్పుడు ఇండికేటర్ కూడా పనిచేయదు. ఆగినప్పుడు వేయండి.

వేగం ఎంత ఉండాలి అంటే, మీకు కనిపించే దూరంలో ఆపగలిగినంత. 40లో వెళ్తుంటే కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. చూసి, బ్రేకు తొక్కి, తడి రోడ్డు మీద ఆగేసరికి 30 మీటర్లు అయిపోతాయి. 20 మీటర్లే కనిపిస్తున్నప్పుడు 40 అంటే కళ్లు మూసుకుని నడిపినట్టే. ఎడమ అంచు తెల్లగీత చూసుకుంటూ పోండి. మధ్య గీతను పట్టుకుంటే ఎదుటివాడూ దాన్నే పట్టుకుని వస్తాడు. ముందు బండి ఎర్ర లైట్లు చూసి దాని వెంటే గుడ్డిగా పోవడం కూడా ప్రమాదమే. పాటలు ఆపేసి, కిటికీ రెండు అంగుళాలు దించితే మలుపు అవతలి హారన్ వినిపిస్తుంది.

అద్దం లోపల ఆవిరి పడితే చేత్తో తుడవకండి. ఏసీ వేసి, గాలి వేడి వైపు తిప్పి, ముందు అద్దం మీదికి పెట్టండి. లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి రానివ్వండి. ఏసీ తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. అద్దం బయటివైపు మసక పడితే దానికి వైపర్ చాలు.

ఏజెన్సీ రోడ్లలో పొద్దున్నే రోడ్డు వారనే చలిమంటలు వేసుకుని జనం కూర్చుంటారు. పశువులు, లైటు లేని బైకులు, సంత రోజైతే మనుషులతో నిండిన జీపులు. వాళ్ల ఊరి గుండా మనం పోతున్నాం. ఊళ్లు కనిపించిన చోట నెమ్మదించడం మన బాధ్యత.

చలి పొద్దుటి స్టార్టింగ్

క్లచ్ తొక్కి స్టార్ట్ చేయండి, బ్యాటరీకి భారం తగ్గుతుంది. డీజిలైతే స్ప్రింగులా ఉండే పసుపు గుర్తు ఆరిపోయేదాకా ఆగి తాళం తిప్పాలి. ఐదు సెకన్లకు మించి తిప్పొద్దు, పట్టకపోతే అర నిమిషం ఆగండి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ నిలబెట్టి వేడి చేయక్కర్లేదు, నిమిషంలో బయల్దేరి మొదటి కొద్ది కిలోమీటర్లు మెల్లగా నడిపితే చాలు. గేర్లు కూడా కాస్త బిగువుగా పడతాయి, బలవంతం చేయకండి.

మనాలి వంటి చోట్ల అద్దె కారు తీసుకునేవాళ్లకు నాలుగు మాటలు. గడ్డకట్టిన మంచు మీద కదలడానికి సెకండ్ గేర్ మేలు, ఫస్ట్‌లో చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఏ పనీ హఠాత్తుగా చేయొద్దు. అటల్ టన్నెల్ దాటాక నీడ పడే మలుపుల్లో రోడ్డు తడిగా, నల్లగా మెరుస్తుంటే అది నీరు కాదు, పలచని గడ్డ మంచు కావచ్చు. రాత్రి నిలిపేటప్పుడు సమతలం చూసి, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేస్తే పొద్దునకు గడ్డకట్టి ఊడకపోవచ్చు. మంచు బాగా కురుస్తుంటే మీరు నడపకండి, స్థానిక డ్రైవర్‌ను పెట్టుకోండి.

బండి ఆపేటప్పుడు

వ్యూ పాయింట్ల దగ్గర ఆపితే రోడ్డు పూర్తిగా వదిలి ఆపండి. మలుపులో వద్దు. పిల్లలకు వాంతి వస్తోందని గబుక్కున మలుపులోనే ఆపేస్తుంటారు. ముందే కవర్లు చేతికి అందేలా పెట్టుకుంటే వెడల్పు చోటు వచ్చేదాకా ఆగొచ్చు.

ముక్కు పైకి ఉంటే ఫస్ట్ గేర్, కిందికి ఉంటే రివర్స్ గేర్ వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాన్ని కొండవైపు తిప్పి ఉంచండి. అనుమానంగా ఉంటే టైరుకు రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయాలి. ఇది మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే ఘాట్ రోడ్ల మీద అలా వదిలేసిన రాళ్లు ఎన్నో కనిపిస్తాయి. రాత్రి మంచులో వచ్చే బైకు కుర్రాడికి అది కనిపించదు.

కిందికి దిగాక నర్సీపట్నంలోనో ఎస్.కోటలోనో టీ తాగడానికి ఆగండి, బ్రేకులు చల్లారతాయి. టర్బో బండైతే ఆపే ముందు ఒక నిమిషం ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వండి. కారు మీద బురద ఉందని ఆ వేడి మీదే వాటర్ సర్వీసింగ్‌కు ఇవ్వొద్దు. ఇంటికి వెళ్లాక ఆ వారంలో బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది.